బోల్టు బిగింపునకును తూనిక కలదు

రైతు తన పత్తిని ఆదోని మార్కెట్టునకు తోలుకొని పోయినప్పుడు, ఎవ్వరైనను బండిని కంటితో చూచి "ఇందులో ఇన్ని క్వింటాళ్లు కలవు" అని చెప్పినయెడల ఒప్పుకొనునా? ఒప్పుకొనడు. కాటా పెట్టవలసినదే, ముల్లు నిలువవలసినదే, లెక్క వ్రాయవలసినదే. క్రయవిక్రయములలో రైతునకు జరుగుచుండిన అన్యాయములను అదుపునందుంచుటకై 1933వ సంవత్సరమున నాటి మద్రాసు ప్రభుత్వము వాణిజ్య పంటల మార్కెట్ల చట్టమును కావించినది. తూనిక లేని బేరము రైతును ముంచునని మన పెద్దలు అనుభవముచే ఎరిగిన సంగతియే.

అయితే ఆ రైతే తన ట్రాక్టరు ఇంజనునకో, కాలువ గట్టున నీరు తోడు డీజిలు ఇంజనునకో బోల్టులు బిగించునప్పుడు తూనికను మరచిపోవుచున్నాడు. పానా పట్టి, పండ్లు బిగపట్టి, చేతికి చాలునని తోచినంతవరకు త్రిప్పి విడిచిపెట్టుచున్నాడు. ఒకడు బలవంతుడు, ఒకడు బక్కవాడు. ఒకని పానా జానెడు. ఒకని పానాకు బారెడు గొట్టము తొడిగియుండును. ఇట్టి బిగింపు ప్రతి చేతికిని ఒక్కొక్క విధముగా ఉండక ఏమగును? పత్తికి కాటా ఉన్నట్లే బోల్టునకును కాటా కలదనియు, అది మన ఇండ్లలోనే ఉన్నదనియు తెలుపుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇది చిన్న సంగతి యని త్రోసివేయరాదు. మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమున సేద్యమంతయు అదనుపై ఆధారపడియున్నది. నల్లరేగడి నేల తడిసినప్పుడు బురదయై చక్రమును పట్టుకొనును. ఎండినప్పుడు రాయియై నాగలిని నిలిపివేయును. ఈ రెంటికి నడుమ పదును ఉండు దినములు కొన్ని మాత్రమే. ఆ దినములలో హెడ్డు ప్యాకింగు కాలి ఇంజను నిలిచినచో, మరమ్మతు ఖర్చు ఒక ఎత్తు, విత్తు తప్పిన నష్టము ఒక ఎత్తు. తుంగభద్ర దిగువ కాలువకు నీరు వచ్చు వంతు దినములలో ఇంజను ఆగినను ఇదియే గతి.

చిన్న ఇనుప ముక్క ఎంత పెద్ద పనిని మోయుచున్నదో మన కాలువ రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టయొక్క 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయెను. పంట పెట్టిన వేళ నీరు వృథాగా నదిపాలగుచుండగా ఆయకట్టు రైతులందరును ఆందోళన చెందిరి. వారము దినములలోపల తాత్కాలికముగా అడ్డుపలకలు దింపి నీటిని ఆపిరి. అక్కడ తెగినది గొలుసు. మనము చెప్పబోవునది బోల్టు. అయినను నీతి యొక్కటే. బరువును మోయు ఇనుమును, అది మోయుచున్నంత కాలమును కనిపెట్టి చూచుచుండవలయును.

బోల్టు చేయు పని

బోల్టు అనునది రెండు ముక్కలను కలిపి ఉంచు మేకు వంటిదని పలువురు తలంతురు. నిజమునకు బోల్టు ఒక స్ప్రింగు. నట్టును బిగించినకొలది బోల్టు సన్నముగా సాగును. సాగిన ఇనుము తిరిగి తన పూర్వపు పొడవునకు వచ్చుటకై లాగుచుండును. ఆ లాగుడే రెండు ముక్కలను ఒకదానితో నొకటి అదిమి పట్టును. సాగుటయు లాగుటయు ఒకదానికొకటి సమముగా పెరుగునను స్ప్రింగు సూత్రమును ఇంగ్లండు దేశస్థుడగు రాబర్టు హుక్కు 1678లో ప్రకటించెను. నేటికిని ఇంజను శాస్త్రమునకు అదియే పునాది.

ఈ విషయము మన గ్రామములలోని కమ్మరికిని వడ్రంగికిని పుస్తకము లేకయే తెలియును. బండిచక్రమునకు ఇనుప పట్టా వేయుటను చూడుడు. పట్టాను చక్రముకంటె కొంచెము చిన్నదిగా చేయుదురు. దానిని పిడకల మంటలో ఎర్రగా కాల్చినప్పుడు వ్యాకోచించును. అప్పుడు చక్రమునకు తొడిగి నీరు పోయుదురు. పట్టా చల్లారి ముడుచుకొని, పూటీలను ఆకులపైకిని, ఆకులను కుండలోనికిని అదిమి పట్టును. పట్టా మిక్కిలి చిన్నదైనచో చక్రము వంగును, ఆకులు విరుగును. మిక్కిలి పెద్దదైనచో నాలుగు దినములలో జారిపడును. ఎంత చిన్నదిగా చేయవలయునో ఆ కొలతలోనే కమ్మరి నేర్పరితనమంతయు ఉన్నది. బోల్టు బిగింపును సరిగా ఇట్టిదే.

ఎమ్మిగనూరు నేతగాడును ఈ రహస్యము నెరుగును. మగ్గముమీద పడుగు వదులైనచో గుడ్డ సమముగా రాదు. మిక్కిలి బిగిసినచో పోగులు తెగును. అతని చేయి పడుగును తాకగానే బిగువు తెలిసికొనును. కాని నూలుపోగు చేతికి చెప్పినట్లు ఉక్కు బోల్టు చెప్పదు. పన్నెండు మిల్లీమీటర్ల లావును, నూరు మిల్లీమీటర్ల పొడవును గల బోల్టును పూర్తిగా బిగించినప్పుడు అది సాగునది ఒక మిల్లీమీటరులో సుమారు అయిదవ వంతు మాత్రమే. కంటికి కనబడదు, చేతికి తెలియదు. కావుననే కొలత అవసరమైనది.

హెడ్డుపై పడు బరువు

బావులయందును కాలువలయందును పేరుపొందిన అయిదు గుఱ్ఱపు బలముల డీజిలు ఇంజనును ఉదాహరణగా తీసికొందము. 1946లో పూనాలో స్థాపింపబడిన కిర్లోస్కరు ఆయిలు ఇంజన్ల కంపెనీవారు చేసిన ఏవీ-1 రకము ఇట్టిది. దాని సిలిండరు వ్యాసము 80 మిల్లీమీటర్లు. వేగము నిమిషమునకు 1,500 చుట్లు. డీజిలు మండినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు 65 కిలోలవరకు పెరుగునని అనుకొందము. సిలిండరు వైశాల్యము 50 చదరపు సెంటీమీటర్లు. ఈ రెంటిని హెచ్చించినచో హెడ్డును పైకి ఎగదన్ను బలము మూడు టన్నులకు మించును. అనగా మూడు ఎడ్లబండ్ల నిండు బరువు. ఇది ఒక్కసారి కాదు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకొక మంట. నిమిషమునకు 750 పోట్లు. గంటకు 45,000 పోట్లు. రాత్రి పది గంటలు నీరు తోడినచో నాలుగున్నర లక్షల పోట్లు.

ఈ పోట్లన్నిటిని హెడ్డు స్టడ్డులు మోయవలయును. హెడ్డునకును బ్లాకునకును నడుమ ఉన్న ప్యాకింగు ఏ చోటను వదులు కారాదు. ఒక్క మూల వదులైనచో మండుచున్న వాయువు అచ్చోట సందు చేసికొని బయటికి దూరును, ప్యాకింగు కాలును, నీరు సిలిండరులోనికి దిగును, నూనెలో నీరు కలిసి తెల్లని మజ్జిగవలె అగును. ఇట్లు ఒక స్టడ్డు వదులగుట మొదలు ఇంజను పూర్తిగా విప్పుటవరకు దారి తీయుచున్నది.

వదులైన బోల్టే ముందుగా తెగును

ఇచ్చట పలువురికి వింతగా తోచు సంగతి యొకటి కలదు. తెగిన బోల్టును చూచి, "మిక్కిలి బిగించుటచే తెగినది" అని మేస్త్రీలు చెప్పుదురు. కొన్నిటియెడల అది నిజమే. కాని నడుచుచున్న ఇంజనులో తెగిన బోల్టులలో అనేకము వదులుగా ఉండుటచేతనే తెగుచున్నవి.

కారణము వినుడు. బోల్టు ముందుగానే గట్టిగా లాగి పట్టియున్నచో, వెలుపలి బరువు వచ్చినప్పుడు దానిలో అధిక భాగమును అదిమియున్న ముక్కలే సర్దుకొనును. బోల్టునకు తగులు మార్పు స్వల్పము. వదులైనచో ప్రతి పోటును బోల్టుపైననే పడును. లాగుట, విడుచుట, లాగుట, విడుచుట. ఒక ఇనుప తీగను అటునిటు వంచుచుండిన, చేతిబలమునకే అది తెగుటను మనమందరము చూచియున్నాము. వదులైన బోల్టునకును అట్టి అలసటయే కలుగును. కనెక్టింగు రాడ్డు బోల్టు ఇట్లు తెగినయెడల రాడ్డు బ్లాకును పగులగొట్టుకొని వెలుపలికి వచ్చును. అప్పుడు ప్రక్కన నిలిచిన మనుష్యునకును ప్రాణభయమే.

మితిమీరిన బిగింపును అంతే కీడు. ఉక్కు కొంతదూరము వరకే స్ప్రింగువలె ప్రవర్తించును. ఆ హద్దు దాటినచో సాగినది సాగినట్లే నిలిచిపోవును. తిరిగి లాగు శక్తి తగ్గును. మరలు ఒరసుకొనిపోవును; అల్యూమినియపు హెడ్డులో మరలు పొడియై రాలును. "తెగేదాక లాగరాదు" అను సామెత మన భాషలో మాటలకును తగవులకును చెప్పినను, బోల్టునకు అక్షరాలా సరిపోవుచున్నది.

పానా పొడవు, చేతి బలము

పానాతో త్రిప్పు బలమునకు ఇంజనీర్లు టార్కు అని పేరు పెట్టిరి. దీని లెక్క సులభము. నట్టు నడిబొడ్డునుండి చేయి పట్టిన చోటివరకు ఎంత దూరమో, చేయి లాగు బలము ఎంతో, ఈ రెంటిని హెచ్చించవలయును. ఒక మీటరు దూరమున ఒక కిలో బరువుతో లాగినచో ఒక కిలోగ్రాము-మీటరు. కొత్త పుస్తకములలో న్యూటన్-మీటరు అని వ్రాయుదురు. ఒక కిలోగ్రాము-మీటరు సుమారు 9.8 న్యూటన్-మీటర్లకు సమానము.

ఏతము కొయ్య ఎంత పొడవైనచో బాన అంత తేలికగా లేచునని మన తాతలు ఎరిగినదే ఇచ్చటను వర్తించును. నడివయస్కుడగు సేద్యగాడు పానాను 40 కిలోల బలముతో లాగగలడనుకొందము. పావు మీటరు పానాతో అది 10 కిలోగ్రాము-మీటర్లగును. అదే పానాకు మీటరు పొడవు గొట్టము తొడిగినచో, అదే మనుష్యుడు, అదే శ్రమతో, 40 కిలోగ్రాము-మీటర్ల బలము వేయును. చేతికి భేదము తెలియదు. బోల్టునకు నాలుగు రెట్లు తెలియును. చిన్న నట్టునకు చిన్న పానా, పెద్ద నట్టునకు పెద్ద పానా చేసియుండుటలోని మర్మమిదియే. బిగించునప్పుడు పానాకు గొట్టము తొడుగు అలవాటును మన గ్రామములలో పూర్తిగా మానవలయును.

కాటాతో కొలుచు విధము

పత్తి తీసిన కూలీలకు తూకముపై కూలి ఇచ్చుటకు వ్రేలాడదీయు స్ప్రింగుకాటా అనేక రైతు గృహములలో ఉన్నది. దానితోనే బోల్టు బిగింపును కొలువవచ్చును. విధానమిది.

అర మీటరు పొడవుగల గట్టి పానాను తీసికొని, నట్టు నడిబొడ్డునుండి సరిగా 50 సెంటీమీటర్ల దూరమున గుర్తు పెట్టవలయును. ఆ గుర్తుకడ కాటా కొక్కెమును తగిలించి, పానాకు నిలువుకోణముగా మెల్లగా లాగవలయును. ఏటవాలుగా లాగినచో లెక్క తప్పును. గుంజిగుంజి లాగరాదు, నట్టు కదలుచుండగా ముల్లు చూపు అంకెయే సరియైనది.

బోల్టు తలపై 8.8 అని అచ్చుపడియున్న సాధారణపు ఉక్కు బోల్టులకు, శుభ్రమైన మరలపై, ఇంచుమించుగా చెల్లు అంకెలివి. 8 మిల్లీమీటర్ల బోల్టునకు 2½ కిలోగ్రాము-మీటర్లు. కాటాపై 5 కిలోలు. 10 మిల్లీమీటర్లకు 5 కిలోగ్రాము-మీటర్లు. కాటాపై 10 కిలోలు. 12 మిల్లీమీటర్లకు 8½ కిలోగ్రాము-మీటర్లు. కాటాపై 17 కిలోలు. 14 మిల్లీమీటర్లకు 14 కిలోగ్రాము-మీటర్లు. కాటాపై 28 కిలోలు. 16 మిల్లీమీటర్లకు 21 కిలోగ్రాము-మీటర్లు. కాటాపై 42 కిలోలు. ఇచ్చట మిల్లీమీటర్లనగా బోల్టు కాడ లావు. పానా నోటి కొలత కాదు. ఈ పొరపాటు రానీయరాదు.

పై అంకెలను చూచినచో ఒక సంగతి తెలియును. 8 మిల్లీమీటర్ల బోల్టునకు కావలసినదానికి ఎనిమిది రెట్లకు పైగా బలము 16 మిల్లీమీటర్ల బోల్టునకు కావలయును. లావు రెండింతలే, బలము ఎనిమిదింతలు. అన్నిటిని ఒకే చేతితో, ఒకే ఊపుతో బిగించు మేస్త్రీ చిన్నవాటిని తెంపును, పెద్దవాటిని వదులుగా విడుచును.

అయినను ఇంజను చేసినవారి పుస్తకములో అంకె ఇచ్చియున్నచో దానినే పాటింపవలయును. పై లెక్క పుస్తకము దొరకని ట్రాలీ బోల్టులకును, గుంటక, గొర్రు, కల్టివేటరు బోల్టులకును మాత్రమే. హెడ్డు, కనెక్టింగు రాడ్డు, మెయిను బేరింగు బోల్టులకు పుస్తకపు అంకె లేక చేయి పెట్టరాదు. కొత్త ఇంజనులు కొన్నిటిలో కొంత బలమువరకు బిగించి, పిదప ఇన్ని డిగ్రీలు త్రిప్పవలయునని వ్రాసియుందురు. అట్టి బోల్టులను కొన్ని కంపెనీలవారు ఒక్కసారికంటె ఎక్కువ వాడరాదని చెప్పుదురు. పుస్తకము ఇంగ్లీషులో ఉన్నదని అటకపై పారవేయక, చదువుకొన్న పిల్లలచే ఆ ఒక్క పుటను తెలుగున వ్రాయించి షెడ్డు గోడకు అంటించుకొనుడు.

వరుస, విడతలు

హెడ్డు బోల్టులను ఒక ప్రక్కనుండి వరుసగా పూర్తిగా బిగించుకొని పోయినచో హెడ్డు ఒక మూల అణగి, మరియొక మూల లేచును. నడిమి బోల్టులతో ప్రారంభించి, అటునిటు ఎదురెదురుగా వెలుపలికి సాగవలయును. చాపను పరచునప్పుడు నడుమనుండి అంచులకు సవరించినట్లే. అదియు ఒక్కసారిగా కాదు. మొదటి విడత మూడవ వంతు బలము. రెండవ విడత మూడింట రెండు వంతులు. మూడవ విడత పూర్తి బలము. 12 మిల్లీమీటర్ల బోల్టునకు కాటాపై మొదట 6, పిదప 12, కడపట 17 కిలోలని గుర్తుంచుకొనవచ్చును. విప్పునప్పుడు దీనికి ప్రతిగా వెలుపలినుండి లోపలికి, కొంచెము కొంచెముగా విప్పవలయును. అదియు ఇంజను చల్లారిన పిమ్మటనే.

ట్రాక్టరు చక్రముల నట్టులను వలయముగా ఒకదాని ప్రక్క ఒకటి బిగించరాదు. ఒకటి బిగించి దానికెదురుగా ఉన్నదానిని బిగించవలయును. చక్రము విప్పి తొడిగిన తరువాత ఒక దినము పని చేసి, మరల నట్టులను సరిచూడవలయును. పత్తి నింపిన ట్రాలీ ఆదోని రస్తాపై పోవునప్పుడు చక్రము ఊడినచో కలుగు అపాయము పత్తితో ముగియునది కాదు.

కొత్త ప్యాకింగు వేసిన హెడ్డును ఇంజను కొంతసేపు నడిచిన తరువాత మరల బిగించవలయునని పలు పుస్తకములలో ఉండును. ప్యాకింగు వేడికి అణగి సర్దుకొనుటయే కారణము. ఎండకాలమున కఱ్ఱ ఎండి బండిపట్టా వదులగుట, రైతు చక్రమును నీటిలో నానవేయుట మనమెరిగినదే. ఇదియు అట్టిదే. మరల బిగించిన పిదప వాల్వుల సందును కొలిచి సరిచేయుట మరువరాదు. హెడ్డు అణగినప్పుడు ఆ సందు మారును.

నూనె, తుప్పు, బురద

మనము పానాపై వేయు బలమంతయు బోల్టును సాగదీయుటకు పోవుటలేదు. సుమారు సగము నట్టు అడుగున ఒరపిడికి, మరి నలుబది వంతులు మరలలోని ఒరపిడికి పోయి, నూటికి పది వంతులు మాత్రమే అసలు పనికి మిగులును. కాబట్టి ఒరపిడిలో కొంచెము భేదము వచ్చినను బిగింపులో గొప్ప భేదము వచ్చును. తుప్పుపట్టిన మరలపై కాటా 17 కిలోలు చూపినను బోల్టు సగము కూడ సాగకపోవచ్చును. పొడి మరలకు చెప్పిన అంకెను నూనె రాచిన మరలపై వేసినచో, బోల్టు మూడవ వంతు అధికముగా సాగవచ్చును. కావున మరలను తీగ బ్రష్షుతో శుభ్రపరచి, పుస్తకములో నూనె వేయుమన్నచో వేయవలయును, వలదన్నచో మానవలయును.

బ్లాకులోని మూతిలేని రంధ్రములలో నూనె గాని నీరు గాని నిలిచియుండగా బోల్టును దింపరాదు. ద్రవము అణగదు, బోల్టు దిగుచున్నకొలది ఒత్తిడి పెరిగి బ్లాకే పగులును. గుడ్డతో తుడిచి, గాలి ఊది, పిదప బిగింపుడు.

నల్లరేగడి బురద మనకు ప్రత్యేకమగు శత్రువు. చక్రమునకును హబ్బునకును నడుమ పలుచని బురదపొర గాని, మందమైన రంగు గాని, తుప్పు గాని ఉన్నచో, బిగించినప్పుడు సరిగానే ఉండును, పొలములో రెండు చాళ్లు తిరుగగానే ఆ పొర నలిగి రాలిపోవును, నట్టు వదులగును. తుడిచి బిగించుటకు పట్టునది అయిదు నిమిషములు.

స్ప్రింగు వాషరు వేసితిమి, ఇక వదులు కాదని ధైర్యముగా ఉండువారు కలరు. ప్రక్కలకు కదలించు అదురునకు బోల్టులు తామై ఎట్లు విప్పుకొనునో జర్మనీ దేశపు ఇంజనీరు గెర్హార్డు యుంకరు 1969లో పరీక్షలచే నిరూపించెను. అట్టి అదురునకు సరియైన బిగింపే మొదటి రక్ష. వాషరు దానికి బదులు కాజాలదు.

టార్కు రెంచి

కాటా పద్ధతి పొలము పనిముట్లకు చాలును. ఇంజను పనికి మాత్రము టార్కు రెంచి అను పానా కావలయును. 1918లో న్యూయార్కు నగరపు నీటి శాఖలో పనిచేయుచుండిన కాన్‌రాడు బారు అను నతడు, భూమిలోని గొట్టముల బోల్టులు అతిగా బిగించుటచే తెగుచుండగా దీనిని కల్పించెనని చెప్పుదురు. కొన్నిటిలో ముల్లు అంకెను చూపును. కొన్నిటిలో ముందుగా అంకెను పెట్టుకొనినచో, ఆ బలము రాగానే "టక్కు" మని శబ్దము చేయును. శబ్దము వినబడగానే ఆపవలయును. ఇంకొకసారి గుంజి చూచుట అతిబిగింపే.

ఈ పానాను విప్పుటకు వాడరాదు. సుత్తిగా వాడరాదు. పని ముగియగానే అంకెను కనిష్ఠమునకు త్రిప్పి పెట్టెలో ఉంచవలయును. లేనిచో లోపలి స్ప్రింగు అలసి అబద్ధము చెప్పును. ఏడాదికొకసారి గాని, 5,000 బిగింపులకొకసారి గాని పరీక్ష చేయించవలయును. కాటాకు ముద్ర వేయించునట్లే దీనికిని పరీక్ష వలయును.

సంఘము చేయదగిన పని

మంచి టార్కు రెంచిని ప్రతి రైతును కొనుట కష్టము. కొనినను సంవత్సరములో నాలుగు దినములకంటె పని ఉండదు. ఇట్టి వస్తువే సంఘము కొనదగినది. ఒంటరిగా నూలు తెచ్చుకొనుటకును గుడ్డ అమ్ముకొనుటకును శక్తిలేని ఎమ్మిగనూరు నేతపనివారు 1938లో మాచాని సోమప్పగారి పూనికచే సహకార సంఘముగా ఏర్పడి, ఒక్కొక్కనికి సాధ్యము కానిదానిని కలిసి సాధించిరి. ఆ మాదిరి మన కన్నులయెదుటనే ఉండగా మనము వేరుచోట వెదుకనక్కరలేదు.

కావున మేము మూడు సూచనలు చేయుచున్నాము. మొదటిది, ప్రతి గ్రామ సంఘమును ఒక టార్కు రెంచిని, దానికి తగిన సాకెట్లను కొని, కార్యదర్శియొద్ద ఉంచి, విత్తనపు గొర్రును ఇచ్చునట్లు సభ్యులకు చేతిబదులుగా ఇయ్యవలయును. రెండవది, గ్రామములో ఉన్న ఇంజనుల, ట్రాక్టరుల రకములను వ్రాసి, వాని పుస్తకములనుండి ముఖ్యమైన బోల్టుల అంకెలను ఒక పట్టికగా తెలుగున వ్రాయించి సంఘపు గోడపై వ్రేలాడదీయవలయును. మూడవది, ప్రతి సంఘమునుండి ఒక యువకుని యంత్రముల శిక్షణకు పంపవలయును. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983లో స్థాపింపబడిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ మనకు దూరము కాదు. ఎమ్మిగనూరు చెంతనున్న బనవాసి కృషి విజ్ఞాన కేంద్రమునను సలహా అడుగవచ్చును.

ఒక సందేహమును కొందరు చెప్పుదురు. "మా మేస్త్రీ ముప్పది ఏండ్లనుండి చేతితోనే బిగించుచున్నాడు, ఆయన బిగించినది ఎన్నడును ఊడలేదు" అని. అట్టి నిపుణులు కలరు. వారి చేతికి మేము నమస్కరింతుము. కాని ఆ చేయి ఆయనతోనే పోవును. ఆయన శిష్యునకు అది రాదు. ఆయనకే జ్వరము వచ్చిన దినమున అది మారును. అంకె యైనచో మారదు. తండ్రి కొడుకునకు చెప్పవచ్చును, ఒక గ్రామము మరియొక గ్రామమునకు వ్రాసి పంపవచ్చును. అనుభవశాలియగు మేస్త్రీ తన చేతి బిగింపును ఒకసారి కాటాతో సరిచూచుకొనినచో, ఆయన విద్యకు విలువ పెరుగునే గాని తరుగదు.

తొలకరికి ముందుగా ఇంజనులను బాగుచేయించుకొను కాలమున సభ్యులు ఈ పనిని తలపెట్టవలయును. హెడ్డు, చక్రములు, ట్రాలీ కొక్కెము, కల్టివేటరు కాళ్లు అను ఈ నాలుగు చోట్లను వరుసగా చూచి, వదులైనవాటిని కొలతతో బిగించి, బిగించిన తేదీని ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. నట్టుపైనుండి ప్రక్క ముక్కపైకి సున్నపు గీత ఒకటి గీచినచో, తరువాత నట్టు కదలినదీ లేనిదీ గీత విరుగుటచే దూరమునుండియే తెలియును. దీనికి ఖర్చు లేదు. పదును దినములు వచ్చినప్పుడు ఇంజను మొరాయింపక పనిచేసినచో, ఆ ఒక్క గడియ శ్రమకు నేలయే ఫలము చెల్లించును.